స్వచ్ఛందంగా రాజీనామా చేశానట!

నా రిలీవింగ్ లెటర్లో మూడో లైను చాలా బాగుంటుంది. నేను వ్యక్తిగత కారణాల వల్ల స్వచ్ఛందంగా రాజీనామా చేశాననీ, నా భవిష్యత్తు బాగుండాలని కంపెనీ కోరుకుంటోందనీ రాసుంటుంది. ఆ వ్యక్తిగత కారణం ఏమిటో నాకైతే ఇప్పటికీ తెలీదు. పోర్టల్లో కారణం అని ఉన్నచోట నాలుగైదు ఆప్షన్లు ఉంటాయి, వాటిలో 'పర్సనల్' అన్నది ఎంచుకోమని హెచ్ఆర్ ఆవిడ నా పక్కనే కూర్చుని చూపించింది. నేను మౌస్ నొక్కాను. స్వచ్ఛందంగా చేసింది అదొక్కటే.

ఇది 2024 ఫిబ్రవరి నాటి మాట. రాయదుర్గంలో అద్దాల బిల్డింగు, ఎనిమిదో ఫ్లోరు. మా ఆఫీసులో మీటింగ్ రూములకి నదుల పేర్లు పెట్టారు. నన్ను ముంచింది తుంగభద్ర :) పదకొండింటికి 'క్విక్ కనెక్ట్' అని కేలెండర్లో ఇన్వైట్ వచ్చింది. వెళ్తే లోపల మా మేనేజరు, హెచ్ఆర్ ఆవిడ, ఇంకెవరో నేను ఎప్పుడూ చూడని మనిషి. మేనేజరు నా మొహం చూడలేదు. వాటర్ బాటిల్ మూత తిప్పుతూ కూర్చున్నాడు. నాలుగేళ్ల ఏడు నెలలు ఆయన దగ్గర పనిచేశాను. ఆదివారం రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే ఫోన్ ఎత్తింది నేనే. అంతకు ముందు రెండు అప్రైజల్స్ లోనూ అంచనాలకు తగ్గట్టు పనిచేస్తున్నాడు అని రాసింది ఆయనే.

హెచ్ఆర్ ఆవిడ చాలా మర్యాదగా మాట్లాడింది. "చూడండి, ఇది టెర్మినేషన్ కాదు. మీరు రాజీనామా పెడితే క్లీన్ రిలీవింగ్ లెటర్ ఇస్తాం, రెండు నెలల బేసిక్ గుడ్‌విల్ కింద ఇస్తాం. పెట్టకపోతే మేం టెర్మినేట్ చెయ్యాల్సి వస్తుంది. అప్పుడు రేపు ఎక్కడికెళ్లినా బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్లో అది కనిపిస్తుంది. మీ మంచికే చెబుతున్నాం" అంది. ఎంతసేపట్లో చెప్పాలండీ అనడిగాను. లంచ్ లోపు అంది.

లంచ్ దాకా కూడా ఆగలేదు నేను. పావుగంటలో పెట్టేసాను. అప్పుడు నా బుర్రలో తిరిగినవి రెండే విషయాలు. ఒకటి, మియాపూర్ లో ఫ్లాట్ కి అడ్వాన్స్ ఇచ్చి ఉన్నాం. రెండోది, ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, పిల్ల వాళ్లకి 'తీసేశారు' అని చెప్పడం కంటే 'మానేశాడు' అని చెప్పడం నయం కదా అని. సిగ్గుగానే ఉంది రాయడానికి, కానీ అదే నిజం.

ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగు మిల్లులో ముప్ఫై ఏళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. చదివింది పదో తరగతి. నేను కథంతా చెప్పాక ఆయన వరసగా ప్రశ్నలేశాడు. "నోటీసిచ్చారా? కాయితం మీద కారణం రాసిచ్చారా? తప్పు చేశావని చార్జిషీటేమైనా ఇచ్చారా? ఎంక్వయిరీ పెట్టారా?" ఏదీ లేదన్నాను. కాసేపు ఆగి, "మరి నువ్వెందుకు సంతకం పెట్టావురా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. "నాన్నా, మా ఫీల్డులో అలా ఉండదు" అన్నాను. రెండేళ్లుగా నేను నాలో నేను పోట్లాడుకుంటున్నది ఆ ఒక్క వాక్యంతోనే. మీరందరూ కూడా ఏదో ఒక రోజు ఎవరితోనో ఆ వాక్యం అనే ఉంటారు. మా ఫీల్డులో అలా ఉండదు. మాకు లేబర్ చట్టాలు వర్తించవు. మేం కార్మికులం కాదు.

ఎవరు చెప్పారండీ మనకిది? ఇండక్షన్లో చెప్పారా? లేదు. ఆఫర్ లెటర్లో రాశారా? అక్కడా లేదు. మనకి మనమే చెప్పుకున్నాం. బీటెక్ చేశాం, మెడలో ట్యాగ్ ఉంది, క్యాబ్ వస్తుంది, కాబట్టి మిల్లులో ఫిట్టరుకి ఉన్న హక్కులు మనకి ఉండకూడదని మనమే ఒప్పేసుకున్నాం. పైగా దాన్ని గొప్పగా కూడా చెప్పుకుంటాం. ఇంతకన్నా తెలివితక్కువ గొప్ప ఇంకోటి నేనెక్కడా చూడలేదు.

చట్టం ఏమంటోందో చూద్దాం. నేను లాయరుని కాదు, ఉద్యోగం పోయాక కూర్చుని చదువుకున్నవాణ్ణి. నన్ను పంపించే నాటికి అమల్లో ఉన్నది 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం. అందులో 'వర్క్‌మన్' అంటే ఎవరో సెక్షన్ 2(ఎస్) చెబుతుంది. శారీరక శ్రమ చేసేవాళ్లు, నైపుణ్యంతో చేసేవాళ్లు, గుమాస్తాలు, వాళ్లతో పాటు 'టెక్నికల్' పని చేసేవాళ్లు కూడా. ఈ టెక్నికల్ అన్న మాట 1956 సవరణలోనే చేరింది. అప్పటికి మన దేశంలో కంప్యూటర్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మినహాయింపు ఉన్నది ప్రధానంగా మేనేజర్ పని, పరిపాలన పని చేసేవాళ్లకి, ఒక పరిమితికి మించి జీతం తీసుకునే సూపర్‌వైజర్లకి. టెక్నికల్ పని చేసేవాడికి జీతం పరిమితి ఏమీ లేదు. మీ జీతం లక్ష దాటింది కాబట్టి మీరు కార్మికుడు కాదు అని ఎక్కడా లేదు.

2025 నవంబరు 21 నుంచి ఆ పాత చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ వచ్చింది. 'వర్క్‌మన్' అన్న మాట 'వర్కర్' అయింది, సూపర్‌వైజర్ల జీతం పరిమితి 18,000 అయింది. టెక్నికల్ అన్న మాట మాత్రం అలాగే ఉంది.

మరి టీం లీడు అని, అసోసియేట్ కన్సల్టెంట్ అని పెద్ద పెద్ద పేర్లు పెడతారు కదా అంటారా? కోర్టులు విజిటింగ్ కార్డు మీద పేరు చూడవు, రోజూ చేసే పని చూస్తాయి. చెన్నైలో టీసీఎస్ 2015లో ఒకాయన్ని తీసేసింది. ఆయన మేనేజర్ స్థాయి మనిషి, కార్మికుడు కాదు అన్నది కంపెనీ వాదన. ఆయన చేసింది టెక్నికల్ పనే అని లేబర్ కోర్టు తేల్చి, పాత జీతంతో సహా తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని 2022లో చెప్పింది. ఏడేళ్లు పట్టింది. దాని సంగతి తర్వాత మాట్లాడతాను, దాటెయ్యను.

హైదరాబాదు వాళ్లకి ఇంకొక అపోహ ఉంది. ఐటీ కంపెనీలకి గవర్నమెంటు అన్ని చట్టాల నుంచీ మినహాయింపు ఇచ్చేసిందట. సగం నిజం ఇది. మన దగ్గర 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో చేసినది, తెలంగాణ వచ్చాక అదే కొనసాగింది. ఐటీ వాళ్లకి అందులో కొన్ని సెక్షన్ల నుంచి మినహాయింపులు ఇస్తూ వచ్చారు. ఆఫీసు ఎప్పుడు తెరవాలి ఎప్పుడు ముయ్యాలి, పని గంటలు, ఆడవాళ్ల నైట్ షిఫ్టు, సెలవులు లాంటివి. వాటి నంబర్లు 15, 16, 21, 23, 31. ఉద్యోగం తీసెయ్యడం గురించి చెప్పేది సెక్షన్ 47. అది ఆ లిస్టులో లేదు. ఆరు నెలలు వరసగా పనిచేసిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల రోజుల రాతపూర్వక నోటీసో దానికి బదులు జీతమో ఇవ్వకుండా తీసెయ్యకూడదంటుంది ఆ సెక్షను. దాని మీద అప్పీలుకి వెళ్లే దారి కూడా ఆ చట్టంలోనే ఉంది. లంచ్ లోపు తేల్చమని ఎక్కడా లేదు.

ఇప్పుడు లెక్కలకొద్దాం, మనం ఇంజనీర్లం కదా. అప్పట్లో నా జీతం నెలకి 60,000, అందులో బేసిక్ 30,000. మనుషులు ఎక్కువయ్యారని తీసేస్తే దాన్ని చట్టం రిట్రెంచ్‌మెంట్ అంటుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి నెల నోటీసు లేదా నెల జీతం, పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం ఇవ్వాలి. చివర్లో ఆరు నెలలు దాటిన ముక్క ఉంటే దాన్నీ ఏడాదిగా లెక్కేస్తారు. అంటే నా నాలుగేళ్ల ఏడు నెలలు ఐదేళ్ల కింద లెక్క. డెబ్బై అయిదు రోజులు, అంటే రెండున్నర నెలలు, దానికి నోటీసు నెల కలిపితే మూడున్నర నెలలు. 2,10,000 రూపాయలు. తుంగభద్రలో నాకు 'గుడ్‌విల్' అని ఇచ్చింది 60,000. లక్షా యాభై వేలు తక్కువిస్తూ, అదేదో దానం చేస్తున్నట్టు మొహం పెట్టారు. నేను "థాంక్యూ మేడమ్" అని కూడా అన్నాను!

గ్రాట్యుటీ ఇంకో కథ. ఐదేళ్లు నిండితే బేసిక్ ని 26తో భాగించి 15తో గుణించి, ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లతో గుణించాలి. నా లెక్కన 86,538 రూపాయలు. ఇంకో ఐదు నెలలుంటే వచ్చేది. నాలుగేళ్లు నిండి ఐదో ఏడాదిలో 240 రోజులు చేస్తే చాలని మద్రాసు హైకోర్టు 1998లో ఒక తీర్పు ఇచ్చింది, ఇంకొక్క నెల ఉన్నా కనీసం దాన్ని పట్టుకుని వాదించుకునేవాణ్ణి. ఆ తేదీ యాదృచ్ఛికంగా వచ్చిందనే అనుకుందాం. నాతో పాటు ఆ వారం వెళ్లిపోయిన పదకొండు మందిలో ఏడుగురు మా క్యాంపస్ బ్యాచ్ వాళ్లే, అందరం ఒకే నెలలో చేరినవాళ్లం. ఇది కూడా యాదృచ్ఛికమే అయ్యుంటుంది పాపం.

ఇక్కడ ఒక విషయం మీరు గమనించాలి. కంపెనీకి నన్ను తీసేసే శక్తి ఉన్నప్పుడు నా రాజీనామాతో పనేంటి? లెటరు కొట్టి ఇచ్చెయ్యొచ్చుగా? ఇవ్వరు. ఎందుకంటే వాళ్లు లెటరిస్తే అందులో కారణం రాయాలి. మనుషులెక్కువయ్యారు అని రాస్తే పైన చెప్పిన డబ్బులివ్వాలి. పని బాగా చెయ్యలేదు అని రాస్తే రెండు అప్రైజల్స్ అడ్డమొస్తాయి. తప్పు చేశాడు అని రాస్తే విచారణ జరపాలి. ఏది రాసినా వాళ్ల సంతకం ఉంటుంది, రేపు లేబర్ ఆఫీసరు ముందు దానికి జవాబు చెప్పుకోవాలి. నా రాజీనామా ఉంటే ఇవేవీ అక్కర్లేదు. చట్టం దృష్టిలో రిట్రెంచ్‌మెంటే జరగలేదు, ఒక కుర్రాడు వ్యక్తిగత కారణాలతో మానేశాడు, అంతే. ఆ గదిలో ముగ్గురు కూర్చుని నా మంచి కోరింది అందుకు.

2017 జులైలో టెక్ మహీంద్రా హెచ్ఆర్ ఫోన్ కాల్ ఒకటి బయటికొచ్చి దేశమంతా విన్నది గుర్తుందా? రేపు ఉదయం పదింటికల్లా రాజీనామా పెట్టు, లేకపోతే టెర్మినేట్ చేస్తాం అన్నది సారాంశం. ఆనంద్ మహీంద్రా స్వయంగా క్షమాపణ చెప్పారు. చాలామంది అప్పుడు, అబ్బ ఎంత కర్కశంగా మాట్లాడారో అని బాధపడ్డారు. నాకైతే ఆ కాల్ లో గొంతు అంత కర్కశంగా ఏమీ అనిపించలేదు, మా హెచ్ఆర్ ఆవిడ లాగే ఉంది. అసలు సమస్య గొంతులో లేదు, 'రాజీనామా పెట్టు' అన్న మాటలో ఉంది. క్షమాపణ చెప్పాక కూడా ఈ ఇండస్ట్రీలో మారింది ఏమిటంటే, ఇప్పుడు గదిలోకి వెళ్లేముందు ఫోన్లు బయట పెట్టమంటున్నారు.

కంపెనీకి ప్రాజెక్టులు పోతే ఏం చెయ్యమంటావు, అందర్నీ కూర్చోబెట్టి మేపమంటావా అని మా ఫ్రెండే ఒకడు నాతో గొడవ పడ్డాడు. ఎవరూ మేపమనట్లేదు నాయనా. పెద్ద ఫ్యాక్టరీలు, గనులు, తోటలు రిట్రెంచ్ చెయ్యాలంటే ముందు ప్రభుత్వం అనుమతి తీసుకోవాలి. ఆ నిబంధన ఐటీ ఆఫీసులకి లేనే లేదు. మనవాళ్లు చెయ్యాల్సింది నోటీసివ్వడం, పరిహారం ఇవ్వడం, ప్రభుత్వానికి తెలియజెయ్యడం, ఎవర్ని ఎందుకు ఎంచుకున్నారో ఒక పద్ధతి చూపించడం. మామూలుగా ఆఖర్న చేరినవాడు ముందు వెళ్లాలి. చట్టం అడిగిందే అంత కొంచెం. అది కూడా ఎగ్గొట్టడానికి రాజీనామా అనే దొడ్డిదారి. క్వార్టరు ఫలితాలు వచ్చిన రోజు మాత్రం మన ఉద్యోగులే మన ఆస్తి అని టౌన్‌హాల్ లో చెబుతారు.

అమెరికాలో ఉన్నవాళ్లు నవ్వుకోనక్కర్లేదు, మీ దగ్గరా ఇదే సినిమా. హెచ్-1బీ మీద ఉన్నవాణ్ణి గడువుకి ముందే కంపెనీ తీసేస్తే, స్వదేశానికి తిరిగొచ్చే ప్రయాణ ఖర్చు కంపెనీయే పెట్టుకోవాలి. వాడే రాజీనామా చేస్తే అక్కర్లేదు. మన దేశీ కన్సల్టెన్సీలు ఆ మెయిల్ ముందు రాయించుకునేది అందుకే. ప్రాజెక్టు లేదని బెంచ్ మీద కూర్చోబెట్టి జీతం ఆపెయ్యడం కూడా అక్కడ చట్టవిరుద్ధం, ఎల్‌సీఏలో రాసిన జీతం ఇవ్వాల్సిందే. అయినా ఎంతమంది మనవాళ్లు నెలల తరబడి గెస్ట్‌హౌస్ లో జీతం లేకుండా కూర్చుని, కన్సల్టెన్సీ ఓనరుని 'అన్నా' అని పిలుస్తూ గడిపారో లెక్కే లేదు. ఉద్యోగం పోతే 60 రోజుల లోపు దారి చూసుకోవాలన్న భయం ఎవరికైనా ఉంటుంది, కాదనను. ఆ భయమే వాళ్ల పెట్టుబడి.

ఇహ ఏడేళ్ల సంగతి. కోర్టుకెళ్తే ఏడేళ్లు పడుతుంది, ఎవడు తిరుగుతాడు అంటారు. నిజమే. అందరూ తిరగలేరు, నేనైతే తిరగలేను. కానీ నేను చెబుతున్నది కోర్టుకెళ్లమని కాదు. సంతకం పెట్టొద్దని. దానికి ఏడేళ్లు పట్టదు, పైసా ఖర్చవ్వదు. "ఆలోచించుకుని రాతపూర్వకంగా చెబుతాను" అని లేచి బయటికి రావడానికి అర నిమిషం పడుతుంది. వాళ్లు గదికి తాళం వెయ్యలేరు. వస్తూనే, ఈరోజు ఇన్ని గంటలకి ఫలానా వాళ్లు నన్ను రాజీనామా చెయ్యమన్నారు, నాకు ఆ ఉద్దేశం లేదు, పని చెయ్యడానికి సిద్ధంగా ఉన్నాను అని హెచ్ఆర్ కి మెయిల్ పెట్టాలి. నాలుగు లైన్లు చాలు. తిట్లు వద్దు, సెంటిమెంటు వద్దు, సెక్షన్లు కూడా వద్దు. అప్పటికే నాలాగా పెట్టేసి ఉంటే, ఒత్తిడితో పెట్టించారు, వెనక్కి తీసుకుంటున్నాను అని అదే రోజు రాయాలి. నెల తర్వాత గుర్తొచ్చి బలవంతంగా పెట్టించారంటే, నిరూపించాల్సిన బరువంతా మన నెత్తినే పడుతుంది. నేను ఆ మెయిల్ పెట్టలేదు. మరుసటి రోజు పొద్దున్నకి నా లాగిన్ పోయింది.

లాగిన్ అంటే గుర్తొచ్చింది. ఆఫర్ లెటరు, అప్రైజల్ లెటర్లు, ఇంక్రిమెంట్ లెటర్లు, జీతం స్లిప్పులు వచ్చినప్పుడే దింపుకుని మీ దగ్గర పెట్టుకోండి. ఆ రోజు వచ్చాక కుదరదు. అలాగని కోడో, క్లయింట్ డాక్యుమెంట్లో పర్సనల్ మెయిల్ కి పంపారంటే మీ అంతట మీరే వాళ్లకి ఒక మంచి కారణం ఇచ్చినట్టు. మీవి మాత్రమే, మీ పేరున్న కాయితాలు మాత్రమే.

బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అనే బూచి గురించి కూడా చెప్పాలి. దాంతోనే నన్ను పడగొట్టారు కాబట్టి. ఆ తర్వాత నేను మూడు కంపెనీల ఇంటర్వ్యూలకి వెళ్లాను. ఎందుకు మానేశారని మూడు చోట్లా అడిగారు. 'పర్సనల్' అంటే మొహాలు అదోలా పెట్టారు. నాలుగున్నరేళ్లు చేసినవాడు చేతిలో వేరే ఆఫర్ లేకుండా వ్యక్తిగత కారణాలతో ఎందుకు మానేస్తాడు? చివరికి మూడో చోట నిజం చెప్పాను. ఆ ఇంటర్వ్యూ చేసినాయన నవ్వి, "నన్ను కూడా 2023లో అలాగే పంపారు లెండి" అన్నాడు. ఉద్యోగం అక్కడే వచ్చింది. ఉద్యోగాల కోతలో పోయింది అంటే ఈ రోజుల్లో ఎవరూ విచిత్రంగా చూడట్లేదు. మనమే పాతకాలం పరువుతో ఉన్నాం.

నా ఫైనల్ సెటిల్‌మెంట్ 45 రోజులన్నారు, డెబ్బై రోజులకి వచ్చింది. ఇప్పుడు ఈ నలభై ఐదు రోజుల కథ చెప్పడానికి కూడా లేదు. అదే 2025 నవంబరు 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్ ప్రకారం తీసేసినా, మానేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. మీ హెచ్ఆర్ పాలసీ డాక్యుమెంట్లో ఇంకా 45 రోజులనే ఉందేమో ఒకసారి చూడండి. ఉంటే అడగండి, మర్యాదగానే.

అడగడం అంటే మళ్లీ మొదటికే వస్తాం. అడిగితే 'ట్రబుల్ మేకర్' అంటారని భయం. యూనియన్ అంటే ఎర్రజెండాలు, బస్సుల మీద రాళ్లు అని మనకో సినిమా బొమ్మ ఉంది. ఐటీ ఉద్యోగులు యూనియన్ పెట్టుకోవచ్చని తమిళనాడు ప్రభుత్వం 2016లోనే స్పష్టంగా చెప్పింది. కర్ణాటకలో 2017 నుంచి రిజిస్టరైన ఐటీ యూనియన్ ఉంది. మన కంపెనీల సంగతి చూడండి, వాళ్లకి నాస్కామ్ ఉంది. పాలసీ కావాలన్నా, పన్ను తగ్గాలన్నా అందరూ కలిసి ఢిల్లీ వెళ్తారు. వాళ్లు కలిస్తే ఇండస్ట్రీ బాడీ, మనం కలిస్తే గొడవ!

హైదరాబాదులో లేబర్ కమిషనర్ ఆఫీసు ఎక్కడుందో మీలో ఎంతమందికి తెలుసు? ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. ఆ చుట్టుపక్కల థియేటర్లకి నేను ఎన్నిసార్లు వెళ్లానో లెక్కలేదు, ఆ బిల్డింగు ఒక్కసారీ కంటపడలేదు. సెటిల్‌మెంట్ లేటయినప్పుడు ఒకసారి వెళ్లాను. బెంచీ మీద నా పక్కన బట్టల షాపులో పనిచేసే అమ్మాయి, ఇంకోపక్క సెక్యూరిటీ గార్డు ఒకాయన. ఆయన చేతిలో ప్లాస్టిక్ కవరులో కాయితాలన్నీ తేదీల వారీగా పెట్టుకున్నాడు. జీతం స్లిప్పులు, ఐడీ కార్డు జిరాక్సు, తను రాసిన అర్జీ, దాని మీద ఆఫీసు స్టాంపు. నా చేతిలో ఫోనుంది. అందులో నేను పెట్టిన రాజీనామా స్క్రీన్‌షాట్ ఉంది. "మీరెక్కడ సార్?" అనడిగాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. "మీక్కూడా ఇక్కడికి రావాల్సొస్తదా సార్?" అని ఆశ్చర్యపోయాడు.

మొన్న రాత్రి పదకొండింటికి నా పాత టీంలో జూనియర్ ఒకడు ఫోన్ చేశాడు. ఇంకా ఆ కంపెనీలోనే ఉన్నాడు, మూడేళ్లు నిండాయి. "అన్నా, రేపు పదకొండింటికి క్విక్ కనెక్ట్ అని ఇన్వైట్ వచ్చింది. రూమ్ తుంగభద్ర" అన్నాడు. పైన రాసినదంతా వాడికి ఒక గంటసేపు చెప్పాను. వాడు అన్నీ విని, "పెట్టకపోతే నిజంగా ఏం చేస్తారన్నా?" అనడిగాడు. లెటరు ఇస్తారు, ఇస్తే అందులో కారణం రాయాల్సి వస్తుంది, అది నీ దగ్గర ఉంటుంది అన్నాను. భయంగా ఉందన్నాడు. ఉంటుంది మరి, నాకూ ఉండింది అన్నాను.

మర్నాడు పన్నెండింటికి మెసేజ్ పెట్టాడు. ఆలోచించుకుని చెబుతానని బయటికొచ్చేసాడట, మెయిల్ కూడా పెట్టేసాడట. సాయంత్రం హెచ్ఆర్ మళ్లీ పిలిచి నాలుగు నెలల పూర్తి జీతం ఇస్తాం, రాజీనామా పెట్టు అన్నారట. పొద్దున చెప్పింది నెల బేసిక్. కారణం రాసి లెటరివ్వండి మేడమ్, ఇంట్లో మాట్లాడి చెబుతాను అన్నాడట. ఇది జరిగి తొమ్మిది రోజులైంది. లెటరు రాలేదు. లాగిన్ ఇంకా పనిచేస్తోంది, నిన్న స్టాండప్ కాల్ కి కూడా వెళ్లాడు.